ఇరవై మూడో పేరు

సెయింట్ ఆల్బన్స్, మెల్‌బోర్న్
16 ఫిబ్రవరి 1997

విస్తిన్ బాబాయికి,

నాన్న పోయి నాలుగు నెలలైంది. ముందే రాయాల్సింది, రాయలేకపోయాను. సొంత అన్న అంత్యక్రియలకు రాకపోవడానికి ఆ చెరకు మిల్లు ఏమైనా నీ నెత్తిమీద నడుస్తోందా అని అమ్మ ఇప్పటికీ గొణుగుతూనే ఉంది. నేను ఆ మాట ఎత్తను. నీ చెవులు ఫోనుకు పనికిరావడం లేదని పౌలీనా పిన్ని చెప్పింది కాబట్టి విషయమంతా కాగితం మీదే పెడుతున్నాను.

నాన్న కుర్చీలో ఇప్పుడు నేను కూర్చున్నాను. మన మాల్టా వాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బు ఫనాల్‌కు సెక్రటరీని. బడి ఆఫీసులో పదిహేనేళ్ళు పిల్లల హాజరు చూసినదానికి ఇరవై మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఒక లెక్కా అని ఒప్పుకున్నాను. బుద్ధి తక్కువై ఒప్పుకున్నాను.

అసలు సంగతి. జాతీయ లీగులో మనకు చోటిస్తామంటున్నారు. దానికి అయిదు వేల కుర్చీలుండాలి, దీపాలుండాలి, వానకు కారని గ్యాలరీ ఉండాలి. మన దగ్గర ఉన్నది నాన్న, నువ్వు, నజ్జారెనో ముగ్గురూ 1961లో ఆదివారాలు వెచ్చించి కట్టిన ఇటుక గ్యాలరీ ఒక్కటే. టైర్ల దుకాణాల కీత్ బ్రాంట్ ముందుకొచ్చాడు. పాత మైదానాన్ని సూపర్‌మార్కెట్ వాళ్ళకు అమ్ముతాం. ఆ డబ్బుకు బ్రాంట్ తన డబ్బు కలుపుతాడు, మిగతాది బ్యాంకు ఇస్తుంది. పది కిలోమీటర్ల అవతల కొత్త స్టేడియం లేస్తుంది. క్లబ్బు కంపెనీ అవుతుంది. నూటికి అరవై వాటా అతనిది, నలభై సభ్యులది.

చిక్కంతా నీ దగ్గరే ఉంది. అప్పట్లో క్లబ్బు పేరు మీద భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదని ట్రస్టీలుగా మీ ముగ్గురి పేర్ల మీద రాయించారు. నజ్జారెనో ఏనాడో పోయాడు, నాన్న ఇప్పుడు పోయాడు. మిగిలినవాడి పేరునే భూమి అంతా నిలుస్తుందట. ఆరెకరాల మైదానానికి సొంతదారువి బాబాయ్, నీకు చెప్పేవాళ్ళే లేకపోయారు. దీంతో పంపిన కాగితాల మీద సంతకం చేసి పంపు. జూలై 31 లోపు అంతా అందకపోతే లీగు వాళ్ళు మన చోటు ఇంకొకరికిస్తారు. మళ్ళీ పిలవరు.

నాన్న కాగితాలు చెప్పుల డబ్బాల్లో దొరికాయి. అన్నీ సరిచేస్తున్నాను. పాపం, చివర్లో చూపు తగ్గిందనుకుంటాను. ఆటగాళ్ళ జాబితాలో మైదానానికి సున్నం గీతలు గీసే సల్వు పేరు కూడా ఉంది. యాభై తొమ్మిదేళ్ళ ముసలాయనకు ఏటా నలభై డాలర్ల రిజిస్ట్రేషన్ రుసుం. నవ్వుకుని ఈ ఏడాది కొట్టేశాను.

సంతకం మరిచిపోకు.

నీ అన్న కూతురు,
మార్తీస్


మెకాయ్
27 ఫిబ్రవరి

మార్తీసూ,

కాగితాలు అందాయి. చక్కెర డబ్బా కింద పెట్టాను, చీమలు చదువుతున్నాయి.

ఇక్కడ పన్నెండు రోజులుగా వాన. చెరకు నా కంటే ఎత్తు పెరిగింది కానీ సగం పడుకుంది. షెడ్డులో కొండచిలువ చేరింది. చంపొద్దని మీ పిన్ని పట్టుబట్టింది, అది ఎలుకల్ని తింటుందట. దానికీ ఒక ఉద్యోగం దొరికింది, నాకే లేదు.

మీ నాన్న చూపు చివరి రోజు దాకా బాగానే ఉంది. అన్నయ్య నాకు క్రిస్మస్‌కి రాసిన అక్షరాలు చీమతలల్లా ఉండేవి.

సంతకం సంగతి తర్వాత. ఈ ఆదివారం ఎవరి వంతు? నిరుడు అక్టోబరు నుంచి ఎవరు చూస్తున్నారు? అది రాయి. ఈ ఏటి ఆటగాళ్ళ జాబితా పూర్తిగా పంపు.

విస్తిన్


సెయింట్ ఆల్బన్స్
9 మార్చి

బాబాయికి,

ఎవరి వంతని అడిగావు. దేని వంతు? ఆట అయ్యాక బీర్లు కొనే వంతా? అది ఇప్పుడు లేదు, ఎవరి గ్లాసు వాళ్ళే కొనుక్కుంటున్నారు. గుడిలో పూల వంతైతే అది అమ్మ వాళ్ళ సంఘం చూసుకుంటుంది. అర్థమయ్యేటట్టు రాస్తే జవాబు చెబుతాను.

జాబితా పంపుతున్నాను. ఇరవై రెండు మంది. ఎందుకు అడిగావో ఊహించగలను. లెక్కపెట్టుకో, మాల్టా పేర్లు నాలుగే ఉన్నాయి. ముగ్గురు క్రొయేషియా వాళ్ళు, ఇద్దరు వియత్నాం వాళ్ళు, గోల్‌కీపరు చిలీ వాడు. మన వాళ్ళ పిల్లలు ఇప్పుడు కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే ఇక్కడివాళ్ళ ఆట వైపు పోతున్నారు, నేనేం చెయ్యను? ఫనాల్ అంటేనే లాంతరు, లీగు వాళ్ళు దాన్ని మన జెండాలోంచి తీసెయ్యమంటున్నారు, పరదేశం వాసన వస్తోందట. దాని మీద నేను పోట్లాడుతున్నాను. నా సెంటర్ ఫార్వర్డు పేరు న్గుయెన్ అని నువ్వు సంతకం ఆపితే మాత్రం నాకు సిగ్గేస్తుంది.

ఒక మంచి కబురు. గ్యాలరీ కింద గదిలో ఉండే సల్వును కూల్చివేతప్పుడు వీధిలో పడెయ్యకూడదని మునిసిపాలిటీ వాళ్ళ వృద్ధుల ఇళ్ళలో ఒక గది మాట్లాడాను. వేణ్ణీళ్ళుంటాయి, నర్సు వస్తుంది. నాన్న ఉన్నన్నాళ్ళు ప్రతి ఆదివారం మా ఇంట్లో భోంచేసిన మనిషి కదా, ఆ మాత్రం చెయ్యాలి. చెబితే తల ఊపాడు. ఎప్పుడు మాట్లాడాడు గనక.

జూలై 31.

మార్తీస్


మెకాయ్
20 మార్చి

మార్తీసూ,

న్గుయెన్ గోల్ కొడితే నాకు చాలు. నేను కూడా పరదేశం వాసనతోనే ఈ దేశంలో దిగాను.

జాబితాలో ఒక పేరు తక్కువుంది. సరిచేసి పంపు. అప్పటిదాకా కలం ముట్టను.

విస్తిన్


సెయింట్ ఆల్బన్స్
2 ఏప్రిల్

ట్రస్టీ విస్తిన్ బుహజార్ గారికి,

మీ ఉత్తరం అందింది. జాబితా మూడుసార్లు లెక్కపెట్టాను. ఇరవై రెండు మంది ఆటగాళ్ళు, ఇరవై రెండు రిజిస్ట్రేషన్లు, ఇరవై రెండు ఒప్పందాలు. సమాఖ్య ఆఫీసుకు ఫోన్ చేసి కూడా అడిగాను. ఏమీ తక్కువ కాలేదు.

నిన్న కమిటీలో మీ ఉత్తరం చదివి వినిపించాను. కీత్ బ్రాంట్ అన్నాడు, "పెద్దాయనకు ఏదో కావాలి. చెప్పలేకపోతున్నాడు. అడిగి చూడు." వ్యాపారం చేసేవాడికి అలాంటివి తెలుస్తాయి కాబోలు. మీ శ్రమకు గుర్తుగా ఇరవై వేల డాలర్లు ఇవ్వడానికి అతను సిద్ధంగా ఉన్నాడు. తన సొంత జేబులోంచే. క్లబ్బుకు భారం లేదు.

నాకు తెలిసిన విస్తిన్ బాబాయి ఫొటోలో ఉండేవాడు. గ్యాలరీ ముందు చేతిలో తాపీ, నాన్న భుజం మీద చెయ్యి. ఆ చెయ్యి తీసేసి 1966లో చెరకు తోటల్లోకి వెళ్ళిన మనిషి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి మా గుమ్మం ఎక్కలేదు. నాన్న మంచం పడితే రాలేదు. పోతే రాలేదు. ఇప్పుడు ఆయన కట్టినదానికి అడ్డం పడుతున్నారు. అన్న మీద ఏ కోపమో నాకు తెలియదు. నాన్న ఎన్నడూ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు, అది మాత్రం చెప్పగలను.

ఇట్లు,
ఎం. బుహజార్, సెక్రటరీ


మెకాయ్
11 ఏప్రిల్

అమ్మాయ్,

మీరు అన్నావు. బాగుంది. నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఎత్తుకున్న రెండో మనిషిని నేను. సరే, ఆ మీరులు నేను పుచ్చుకుంటాను.

ఆ ఇరవై వేలు మాత్రం పుచ్చుకోను. టైర్లాయనకు చెప్పు, నేను అమ్ముడుపోవడానికి మైదానంలో ఆటగాణ్ణి కూడా కాదు ఇప్పుడు. ఒళ్ళు మండి రెండు రోజులు అన్నం మానేశాను. మీ పిన్ని కొండచిలువకైనా పెడతానంది.

మీ నాన్న మీద నాకు కోపమా? దాన్ని గురించి రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడటం లేదు.

నాకు ఒక్క సంగతి చెప్పు, నిజం చెప్పు. ఆ పేరు నీ అంతట నువ్వే కొట్టేశావా, మైదానం ఖాళీగా చేతికి రావాలని టైర్లాయన కొట్టెయ్యమన్నాడా? నువ్వే కొట్టేశావంటే నీకు తెలియక అనుకుంటాను. అతను చెప్పి చేయించాడంటే ఈ కాగితాలు ఇవాళే వెనక్కి పంపుతాను.

విస్తిన్


సెయింట్ ఆల్బన్స్
4 మే, ఆదివారం

బాబాయ్,

నేను కొట్టేసిన పేరు ఒక్కటే. నీ ఉత్తరం చదివేదాకా అది పేరని కూడా నాకు తోచలేదు, నాన్న చేసిన పొరపాటు అనుకున్నాను. జవాబు రాయడానికి మూడు వారాలు పట్టింది. ముందు సల్వును అడగాలి, అడగడానికి ముఖం చెల్లలేదు. ఇవాళ మధ్యాహ్నం వెళ్ళాను.

ఆయన గది ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, టై, దువ్విన తల. బూట్లకు పాలిష్. నేను ఎవరిదైనా పెళ్ళికి బయలుదేరాడేమో అనుకుని అదే అడిగాను.

"లేదమ్మా. ఆదివారం కదా," అన్నాడు.

"అయితే?"

"ఎవరి వంతో నాకు తెలియదు. మీ నాన్న ఉన్నప్పుడు అన్ని వంతులూ తనే తీసుకునేవాడు. ఇప్పుడు ఎవరికి పడిందో. వచ్చినవాళ్ళని నిలబెట్టకూడదని తయారై కూర్చుంటాను."

"ఎంతసేపు?"

"మూడింటి దాకా. తర్వాత చిక్కుడు గింజలు ఉడకబెట్టుకుంటాను. అదేం కష్టం కాదులే."

అక్టోబరు నుంచి ఇవాళ్టికి ఎన్ని ఆదివారాలో లెక్కవెయ్యి బాబాయ్. నేను లెక్కవేశాను. ఇక్కడ రాయలేను.

నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను. ఆయనే లోపలికి వెళ్ళి బిస్కెట్ డబ్బాలోంచి కాగితం తెచ్చాడు. మాల్టీస్‌లో నాన్న రాత, కింద మూడు సంతకాలు. రెండోది నీది. "సల్వు మికల్లెఫ్ ఫనాల్ ఆటగాడుగా ఉన్నంతకాలం అతనికి ఇటుకల ఫ్యాక్టరీలో పని, మైదానంలో గది, ఆదివారం సభ్యుల ఇళ్ళలో వంతుల ప్రకారం భోజనం." అంతే. అదీ ఒప్పందం. దాంతో పాటు ఒక వంతుల పట్టిక, గోడ మీద మేకు కొట్టిన చిల్లులతో సహా. ప్రతి ఆదివారానికీ ఒక ఇంటి పేరు, పక్కన టిక్కు.

మోకాలు పోయాక ఫ్యాక్టరీ పని పోయింది, ఆట పోయింది. ఆటగాడుగా ఉన్నంతకాలం అని ఉంది కాబట్టి మిగతావి కూడా పోవాలి. అందుకని నాన్న ఆయన్ని ఆటగాడుగానే ఉంచాడు. ముప్పై మూడేళ్ళు, ఏటా ఫొటో అంటించి, నలభై డాలర్లు కట్టి. నేను నవ్వుకుని కొట్టేసింది దాన్ని.

అక్కడ మాల్టాలో ఆయన క్లబ్బు కూడా ఆయన పేరు ఇలాగే కొట్టేసిందట. మన వాళ్ళు ఆ క్లబ్బుకు పైసా ఇవ్వకుండా, అనుమతి లేకుండా ఓడ ఎక్కించారు కదా. ఆ తరహా పనులకే అప్పట్లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఈ దేశాన్ని మూడేళ్ళు బయట కూర్చోబెట్టింది. "అక్కడా పేరు లేదు, ఇక్కడైనా ఉండనీ అన్నాడు మీ నాన్న," అన్నాడు సల్వు. నేను కొట్టేసినట్టు ఆయనకు తెలుసు. జనవరిలో ఫొటో అడగలేదు కదా, అప్పుడే తెలిసిందట.

బ్రాంట్ చెప్పలేదు. నేనే చేశాను. నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు బాబాయ్? ఎవరి వంతు అని అడిగితే నాకేం తెలుస్తుంది? ఆ ఇంట్లో ఆదివారం భోజనం నాకు ఒక అలవాటు, అంతే. అతిథిని పిలిచినట్టే ఉండేది.

నిన్ను మీరు అన్నందుకు క్షమించు. ఇరవై వేల మాటకు కూడా.

సల్వును ఇంటికి తీసుకెళ్ళాను. వండినదేమీ లేదు, గుడ్లు వేయించాను. టై వదులు చెయ్యకుండా తిన్నాడు.

మార్తీస్


మెకాయ్
5 మే

మార్తీసూ,

మూడు వారాలుగా నీ ఉత్తరం లేదు. నీకు కోపం వచ్చిందో, కాగితాలు వెనక్కి వస్తాయని ఎదురుచూస్తున్నావో. కాగితాలు చక్కెర డబ్బా కిందే ఉన్నాయి. నీకు తెలియనిది నేను చెప్పలేదు, చెప్పకుండా నిన్ను దబాయించాను. చెబితే దాంతో పాటు ఇంకొకటి చెప్పాలి. అందుకే చుట్టూ తిరిగాను.

1964 జూన్ 6, శనివారం, కప్పు సెమీఫైనల్. సల్వు మోకాలు కుండలా వాచింది. శుక్రవారం సాయంత్రం మేం ముగ్గురం బట్టలు మార్చుకునే గదిలో తలుపేసుకుని కూర్చున్నాం. ఆరువేల టిక్కెట్లు అమ్ముడుపోయాయి, గ్యాలరీ పైకప్పు ఆ డబ్బుతోనే వెయ్యాలి. జనం వచ్చేది సల్వును చూడటానికే. నొప్పి తెలియకుండా సూది పొడిపించి ఆడిద్దాం అన్నాడు నజ్జారెనో. మీ నాన్న వద్దన్నాడు. "వాడు మన దగ్గర కూలికి లేడు, మన ఇంట్లో ఉన్నాడు," అన్నాడు. చేతులెత్తి తేల్చుకోవాలన్నాం. ఒకటి ఇటు, ఒకటి అటు. నేను చెయ్యి ఎత్తాను. ఆడించే వైపు.

నలభయ్యో నిమిషంలో పడ్డాడు. అప్పుడు గోల్‌కీపరును నేనే, ఆ చప్పుడు గోల్ దగ్గర్నుంచి విన్నాను. ఇప్పుడు చెవులు పనిచెయ్యవు, అదొక్కటే వినిపిస్తుంది. ఆట గెలిచాం. పైకప్పు వేశాం. దాని కిందే వాడు ఇన్నాళ్ళూ పడుకున్నాడు.

ఆ మరుసటి వారం ఆదివారం, 14వ తేదీ, భోజనం వంతు నాది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మీ పిన్ని కుందేలు కూర వండి గిన్నె గుడ్డలో కట్టి ఇచ్చింది. ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాను. లోపలికి కాలు పడలేదు. ఆ గిన్నె ట్రాములో వదిలేసి ఇంటికి వచ్చి, తిన్నాడని చెప్పాను. ఆ అబద్ధం మీ పిన్నికి ఇవాళ్టికీ తెలియదు. నువ్వు చెప్పకు. తర్వాత రెండేళ్ళు వాడు ఉన్న వైపు నేను నడవలేదు, ఆ పైన ఊరే వదిలేశాను.

వద్దన్నవాడు ముప్పై మూడేళ్ళు వాడి పేరు రాశాడు. సరేనన్నవాణ్ణి నేను పారిపోయాను. అన్న అంత్యక్రియలకు వస్తే వాడు అక్కడ ఉంటాడు కదా. అదీ కారణం. మిల్లు కాదు.

ఈ భూమి నాకేం చేసుకోను? బంకమట్టి, దాని మీద గడ్డి. అమ్ముకోండి. కానీ వాడి పేరు జాబితాలో లేకుండా నేను సంతకం పెడితే, అది ఆ గదిలో రెండోసారి చెయ్యి ఎత్తినట్టు అవుతుంది.

విస్తిన్


సెయింట్ ఆల్బన్స్
1 జూన్

బాబాయ్,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. నీది చదివాను. దాని గురించి ఇప్పుడు ఏమీ రాయను. చేసిన పనులు మాత్రం రాస్తాను, అవే నాకు చేతనవును.

రెండో విడత రిజిస్ట్రేషన్లు ఈ నెలాఖరు దాకా తెరిచే ఉన్నాయి. సల్వును ఫొటోకి తీసుకెళ్ళాను. ఫొటో తీసే అమ్మాయి పాస్‌పోర్టుకా అని అడిగితే, "ఫుట్‌బాల్‌కి," అన్నాడు. అది నవ్వింది, ఈయన నవ్వలేదు. సమాఖ్య ఆఫీసులో గుమాస్తా పుట్టిన సంవత్సరం చూసి, తప్పు పడిందేమో అన్నాడు. పై వయసుకు హద్దు ఏ నిబంధనలో ఉందో చూపించమన్నాను. అరగంట వెతికి ముద్ర కొట్టాడు. కార్డు నకలు ఇందులో పెట్టాను. ఇరవై మూడో నంబరు.

తర్వాత కీత్ బ్రాంట్ దగ్గరికి వెళ్ళాను. కంపెనీ కొనుగోలు పత్రంలో ఒక షరతు ఉంది. రిజిస్టరైన ఆటగాళ్ళందరి ఒప్పందాలూ ఉన్నవి ఉన్నట్టుగా కొత్త కంపెనీకి సంక్రమిస్తాయి. మంచి ఆటగాళ్ళు జారిపోకుండా అతని లాయరే పెట్టించుకున్న షరతు. సల్వు కాగితం కూడా జతచేశాను. దొంగచాటుగా కాదు. ప్రతి మాటా ఇంగ్లీషులోకి రాసి చేతికిచ్చాను.

చదివి కళ్ళజోడు తీశాడు. "అంటే కొత్త స్టేడియంలో ఈయనకు నేను గది కట్టాలా?"

"అవును."

"ఆదివారం భోజనం నేను పెట్టాలా?"

"మీరు సభ్యులైతే మీ వంతూ వస్తుంది."

"ఎన్నాళ్ళు?"

"ఆటగాడుగా రిజిస్టరై ఉన్నన్నాళ్ళు."

"రిజిస్టరు చేసేదెవరు?"

"సెక్రటరీ."

"సెక్రటరీ ఎవరు?"

"నేనే."

లేచి వెళ్ళిపొమ్మంటాడనుకున్నాను. కమిటీ అంతా కష్టపడింది, న్గుయెన్‌కి వేరే క్లబ్బుల నుంచి పిలుపులు వస్తున్నాయి, నలభై ఏళ్ళ క్లబ్బు నా నోటి వల్ల మునిగిందని రేపు గోడల మీద రాస్తారు అనుకున్నాను. అయినా కుర్చీలోంచి లేవలేదు. బ్రాంట్ చివరికి పెన్ను తీసి ఆ పేజీ మీద పొడి అక్షరాలు వేశాడు. "నా ఆటగాళ్ళందరిలోకీ జీతం అడగనివాడు ఈయనొక్కడే," అన్నాడు. మనసు కరిగి కాదులే. పన్నెండు చదరపు మీటర్ల గది కోసం సూపర్‌మార్కెట్ బేరం పోగొట్టుకోవడం అతనికి లెక్క కుదరలేదు. లాంతరు విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. జెండాలోంచి పోతుంది. ఆ పోట్లాట ఓడిపోయాను.

కొత్త చోటు సంగతి సల్వుకి చెప్పాను. "నిజం గడ్డి ఉంటుందా, ప్లాస్టిక్‌ది పరుపులా పరుస్తారా?" అని అడిగాడు. గడ్డే అన్నాను. సరేనన్నాడు. వృద్ధుల ఇంట్లో గది వద్దని చెప్పమన్నాడు. మొదటిరోజే తనకు వద్దట. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదట.

వంతుల పట్టిక కొత్తది రాసి క్లబ్బు గోడకు పెట్టాను. పాత సభ్యుల్లో తొమ్మిది మంది పేర్లిచ్చారు. న్గుయెన్ వాళ్ళమ్మ కూడా ఇచ్చింది.

నీ సంతకం నీ ఇష్టం. ఇంక తొందరపెట్టను.

మార్తీస్


మెకాయ్
12 జూన్

మార్తీసూ,

సంతకం చేశాను. మూడు చోట్ల. రెండో చోట పెన్ను కక్కితే మీ పిన్ని అద్దింది. రిజిస్టరు పోస్టులో విడిగా పంపాను. అవి నీకు ఈ ఉత్తరం కంటే ముందే అందుతాయి.

కార్డు మీద ఫొటో చూశాను. తల పూర్తిగా తెల్లబడింది. చూపు అదే.

మిల్లు ఈ వారం మొదలైంది. ఊరంతా బెల్లం వాసన. రాత్రీ పగలూ రైలుబళ్ళు చెరకు లాగుతూనే ఉన్నాయి. కదలడానికి వీల్లేని నెలలివి. అయినా అడుగుతున్నాను. మీ పట్టికలో సెప్టెంబరు 14 ఆదివారమే కదా, అది ఖాళీగా ఉంటే నా పేరు రాయి. ముందు వాణ్ణి అడుగు. ఆ గదిలో చెయ్యి ఎత్తింది నేనని చెప్పు. వాడికి తెలియదు, మీ నాన్న చెప్పి ఉండడు. అది విన్నాక కూడా రమ్మంటే వస్తాను. వద్దంటే ఆ మాట నాకు రాయి, మెత్తబరచకుండా రాయి. సంతకాలు ఎలాగూ వచ్చేశాయి, నువ్వు నా కోసం అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

మీ పిన్నికి గిన్నె సంగతి చెప్పేశాను. ముప్పై మూడేళ్ళ కిందటి గిన్నె కోసం నాతో మాట్లాడటం లేదు.

విస్తిన్ బాబాయి


సెయింట్ ఆల్బన్స్
29 జూన్, ఆదివారం

బాబాయ్,

కాగితాలు అందాయి. గురువారం లీగు ఆఫీసులో ఇచ్చేసి రశీదు తీసుకున్నాను. కుర్చీలు, దీపాలు, అన్నీ వస్తాయి. వచ్చే ఏడు ఈ వేళకు గ్యాలరీ ఉండదు. ఆ ఇటుకల్లో ఒకటి నీకు దాస్తున్నాను.

ఇవాళ వంతు మాది. భోజనం అయ్యాక సల్వుకి నీ ఉత్తరం చదివి వినిపించాను. మెత్తబరచకుండా రాయమన్నావు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"తెలుసు," అన్నాడు. "ఆ శుక్రవారం నేను తలుపు బయటే నిలబడ్డాను. మీ నాన్న జోర్జ్ వద్దన్నాడు. నజ్జారెనో సరేనన్నాడు. ఇంక విస్తిన్ మిగిలాడు. చెయ్యి ఎత్తరా, చెయ్యి ఎత్తరా అని బయట నేను దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. నాకు ఆడాలని ఉంది, నా మోకాలి సంగతి నన్నడగాలి కదా. వాళ్ళు ముగ్గురూ నన్ను లోపలికి పిలవనే లేదు. వాడు చెయ్యి ఎత్తాడని తెలిసి సంతోషంతో ఆ రాత్రి నిద్రపోలేదు. దానికి వాడి మీద నాకు కోపమెందుకు?"

తర్వాత జేబులోంచి ఆ పాత పట్టిక తీసి బల్ల మీద పరిచాడు. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒక్కదానికి తప్ప అన్నిటికీ టిక్కులున్నాయి. 1964 జూన్ 14 ఎదురుగా నీ పేరు, పక్కన ఖాళీ.

"ఆ రోజు సాయంత్రం అయిదింటి దాకా తలుపు వైపే చూశాను," అన్నాడు. "నర్సు పెట్టిన సూప్ వద్దన్నాను, కుందేలు కూర వస్తోందని చెప్పి. కోపమంటే దానికి. రమ్మను. కూర వాడు వండకూడదు, వాడికి ఉప్పు తెలియదు. పౌలీనాని వండమను."

మార్తీస్